పెన్సిలు కింద గీత

“టర్పెంటైన్ సీసా యాడ పెట్టినావు?”

“పారబోసినా.”

“నిండు సీసా అది, రంజాన్.”

“కాలవలో పోసినా. సీసా పగలగొట్టినా. కావాలంటే పోయి పెంకులు ఏరుకోండి.”

“సోమవారం ఆఫీసరు ముందర నిలబడాల్సింది నేను.”

“ఆదివారం ఆయన కారు నిలబడేది నా గడప ముందర. ఆ నెగటివ్ ఇచ్చేయండి. ఇచ్చేసి ఒక సలాం కొట్టండి. పిల్లోళ్లు బడికి నడిచి పోయేది ఆ రోడ్డు మీదనే.”

“ఇచ్చేస్తే ఆ కుప్పమ్మ మొహం ఎట్ల సూసేది?”

“మీరు తుడిస్తే ఆమె కొడుకు లేచొస్తాడా?”

తర్వాత ఏదో రేకు డబ్బా నేల మీద దొర్లిన చప్పుడు. నేను మిద్దె మెట్ల మీద సగంలో ఆగిపోయి, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒకరింటి జగడం వినడం మర్యాద కాదు. విన్నాను.

వాళ్లింట్లో మాట్లాడుకునేది ఉర్దూ. ఆ జగడం మాత్రం తెలుగులో జరిగింది. కారణం, లోపలి గదిలో మంచం మీదున్న సుభాన్ బాషా తల్లి. రెండేళ్ల కింద వాణియంబాడి నుంచి వచ్చిన ముసలామె. ఉర్దూ తెలుసు, అరవం తెలుసు, తెలుగు రాదు. ఆమెకు తెలియకుండా భయపడాల్సి వచ్చినప్పుడల్లా మొగుడూ పెళ్లామూ తెలుగులోకి మారేవాళ్లు. 1979 ఆగస్టు నెలలో వాళ్లిద్దరి మధ్య తెలుగు తప్ప మరో భాష వినిపించలేదు.

సుభాన్ బాషాకు అప్పటికి నలభై ఆరేళ్లు. చిత్తూరులో ఫోటో స్టూడియో. ముందు గది స్టూడియో, వెనక ఇల్లు, మిద్దె మీది గది నాది. తిరుపతిలో బీయస్సీ రెండో ఏడాదిలో పుస్తకాలు మూసేసి వచ్చి ఆ గదిలో పడ్డాను. పగలు అక్కడ ఉండలేం, పైన రేకులు. అందుకని పొద్దున కిందికి దిగి స్టూడియో బల్ల మీద పేపరు చదువుతూ కూర్చునేవాణ్ణి. ఆయన వద్దనలేదు. ఆయన గురించి నాకు తెలిసిందంతా ఆ బల్ల మీద తెలిసిందే.

తండ్రి వాణియంబాడిలో తోళ్లు శుద్ధి చేసే చోట కూలి. ఆ వాసన పడక పదహారో ఏట మద్రాసు పారిపోయి, సినిమాలకు స్టిల్సు తీసే ఒకాయన దగ్గర లైట్లు మోశాడు. సెలవు దొరికితే మౌంట్ రోడ్డు థియేటర్లలో ఇంగ్లీషు సినిమాలు. అన్నీ హత్యల సినిమాలే. టోపీలు కిందికి లాక్కున్న మగవాళ్లు, వానకు మెరిసే రోడ్లు, కిటికీ రెక్కల నీడలు మొహం మీద చారలుగా పడే ఆడవాళ్లు.

“నాకు ఇంగ్లీషు రాదు గదా. కథ వాళ్లకు వదిలేసి వెలుతురు సూసేవాణ్ణి,” అనేవాడు. “ఒకటే దీపం, ఒక పక్క నుంచి. రెండో చెంప చీకట్లోనే ఉంటాది. మనిషిని పూర్తిగా సూపించరు వాళ్లు.”

“కథే తెలీకుండా అన్ని సినిమాలు ఎట్ల చూశావన్నా?”

“కథ ఒక్కటేలే అబ్బాయా అన్నిటికీ. దొంగలు, తుపాకులు అన్నీ ఊరికే. మనలాంటోడు ఒకడుంటాడు. పొద్దున పనికి పోయి సాయంత్రం ఇంటికొచ్చేవాడు. ఏదో ఒక చిన్న పని చేస్తాడు, ఆ పొద్దు అది తప్పని తెలీదు. ఆ తర్వాత వాడు ఏ తలుపు తీసినా ఎదురుగా కుర్చీలో అదే కూర్చోనుంటాది.”

ఆ వెలుతురును ఆయన చిత్తూరుకు తెచ్చుకున్నాడు. ఇక్కడి అమ్మాయి రంజాన్‌బీని చేసుకుని స్టూడియో పెట్టాడు. ఊరు ఒప్పుకోలేదు. పెళ్లి చూపులకు పంపాలని కొడుకు ఫోటో తీయించిన ఒక పెద్దాయన మర్నాడే తిరిగొచ్చాడట.

“ఏమప్పా సాయిబూ, మా వోడికి ఒక చెవే ఉండాదా?”

“రెండోది నీడలో ఉండాది పెద్దాయనా.”

“నీడను సూసి పిల్లనెవరిస్తారబ్బా. తెల్లగా తీయి.”

తెల్లగా తీయడం నేర్చుకున్నాడు. దాంతో పాటు టచింగ్ పని నేర్చుకున్నాడు. అందులో జిల్లాలో ఆయనకు సాటి లేరని నేను చెప్పగలను. చెక్క బల్లకు మధ్యలో గాజు, దాని కింద అద్దం. అద్దం మీద ఎండ పడి కింది నుంచి నెగటివ్‌ను వెలిగిస్తుంది. సూదిలా చెక్కిన పెన్సిలుతో ఆయన నెగటివ్ మీద చుక్కలు పెట్టేవాడు. మొహం మీద మచ్చ ఉన్నచోట నెగటివ్‌లో తెల్లగా ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని పెన్సిలుతో పూడిస్తే కాగితం మీద మచ్చ ఉండదు. అమ్మవారు పోసిన గుంటలు, కాలిన మచ్చలు, కంటి కింది నలుపు, అన్నీ పోయేవి. ఈ జిల్లాలో సగం పెళ్లిళ్లు నా పెన్సిలు మొన మీద నిలబడినాయి అని నవ్వేవాడు. చివరికి ఎలా అయిందంటే, మచ్చ కనిపిస్తే ఆయన చెయ్యి మనసును అడగడం మానేసింది.

ఇంకొక పని కూడా ఉండేది. ఎక్కడైనా శవం దొరికితే పోలీసులు ఆయన్ని పిలిపించేవాళ్లు. కెమెరా పెట్టె భుజాన వేసుకుని, మూడుకాళ్ల స్టాండు బస్సు టాపు మీద కట్టించి పోయేవాడు. రైలు పట్టాలు, బావులు, వేపచెట్లు. వచ్చాక తలస్నానం చేసి, ఆ పూట అన్నం తినేవాడు కాదు.

జూన్ చివర బంగారుపాళ్యం అవతల ఒక మామిడి తోట బావిలో ధనంజయ అనే పిల్లవాడి శవం తేలింది. తోట పక్కన ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుమాస్తా. మోటరు చూడ్డానికి దిగి జారిపడ్డాడన్నారు. రెండు రోజులు నీళ్లలో నానిన శవం. చూసిన డాక్టరు నీళ్లు మింగి పోయాడని రాశాడు. ఆ సాయంత్రమే కాల్చేశారు. బాషా తీసిన రెండు ఫిలిముల్లో ఒకటి, బురదలో స్టాండు జారి, వెలుతురు తగిలి చెడిపోయింది. మిగిలింది ఒకటే నెగటివ్.

మర్నాడు పొద్దున ధనంజయ తల్లి కుప్పమ్మ స్టూడియోకు వచ్చింది. నేను బల్ల మీదే ఉన్నాను. ఆమె ఏడవలేదు. గోడ మీది పెళ్లి ఫోటోలన్నీ ఒకసారి చూసి అడిగింది.

“నాయనా, మా వోడి బొమ్మ ఒక్కటి కూడా తీపించలేదు నేను. నిన్న నువ్వు తీసినావంట గదా. దానికి కండ్లు తెరిపించి ఇయ్యి. పదకొండో దినానికి గోడకు పెట్టుకోవాల.”

ఇది ఇక్కడ అందరికీ తెలిసిన పనే. శవం ఫోటోకు కుంచెతో కళ్లు తెరిపిస్తారు, జుట్టు దువ్విస్తారు, చొక్కా తొడిగిస్తారు. కళ్లు కాగితం మీద దిద్దుతారు, మొహం మాత్రం నెగటివ్ మీదే. బాషా ఆ మధ్యాహ్నం టచింగ్ బల్ల ముందు కూర్చున్నాడు. ఉబ్బిన చెంపలు తగ్గించాడు. పెదవి మీది గాటు తీశాడు. మెడ మీద, ఎడమ చెవి కింద మొదలై గొంతు చుట్టూ తిరిగిన సన్నని గీత ఒకటి ఉంది. దాన్నీ పూడ్చాడు. తల్లి చూస్తుంది కదా, బాగుండదని.

అయిదో రోజు కానిస్టేబులు వచ్చి ప్రింట్లు అడిగాడు. ఉన్నది ఒకటే నెగటివ్. దాంట్లోంచే మూడు తీసి కవరులో పెట్టి ఇచ్చాడు. ఆయనకు ఏమీ తట్టలేదు. నేనూ అక్కడే కూర్చుని పేపరు చదువుకుంటున్నాను, నాకూ తట్టలేదు.

పదో రోజు కుప్పమ్మ వచ్చింది. చెక్క ఫ్రేములో కొడుకు కళ్లు తెరిచి చూస్తున్నాడు. చాలాసేపు చూసింది. తర్వాత వేలితో గాజు మీద మెడ దగ్గర తడిమింది.

“ఈడ గీత ఉండింది గదా నాయనా. నీళ్లు పోసేటప్పుడు నేను సూసినా. తాడు గీత.”

“తీసేసినానమ్మా,” అన్నాడు బాషా, ఆమె మెచ్చుకుంటుందనే అనుకున్నాడు. “సూసేదానికి బాగుండదని.”

“పోలీసోళ్లకు ఇచ్చిన దాంట్లో ఉండాదా?”

బాషా కళ్లు టచింగ్ బల్ల వైపు తిరిగాయి. ఆమె ఫ్రేమును కొంగులో చుట్టుకుని, మెట్లు దిగి ఎండలోకి పోయింది.

ఆమె పోయిన వెంటనే ఆయన తలుపు దగ్గరికి వేశాడు. ధనంజయ ఎందుకు చచ్చిపోయాడో అప్పటికి చాలామందికి తెలుసు. గుజ్జు మిషన్లో ఒక ఆడమనిషి చెయ్యి నలిగిపోతే, మిషన్‌కు మూత లేదని లేబరు ఆఫీసరు ముందు సాక్ష్యం చెబుతానన్నాడు ధనంజయ. చెప్పాల్సిన రోజుకు రెండు రోజుల ముందు బావిలో తేలాడు.

“పోయి చెప్పన్నా, తెలీక చేశానని,” అన్నాను నేను. నాకు చెప్పడం సులభం.

“పోలీసు ఫోటోలో సాక్ష్యం చెరిపినోడు తెలీక చేసినానంటే ఎవరు నమ్ముతారు? నేను నమ్ముతానా?”

చెప్పలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అదే పోతుందనుకున్నాడు. వారం తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం స్టూడియో ముందు తెల్ల అంబాసిడరు ఆగింది. దిగినాయన పరంధామయ్య. ఆ తోటా ఆ ఫ్యాక్టరీ ఆయనవే. అరవై దగ్గర పడ్డ మనిషి, ఇస్త్రీ పంచె, మెత్తటి గొంతు. డ్రైవరు నీలం మామిడికాయల బుట్ట తెచ్చి లోపల పెట్టాడు.

“ఇదెందుకయ్యా?” అన్నాడు బాషా.

“ఊరికేలే. చెయ్యి మంచోడికి నోరు తీపి చేయాల గదా. నీ పేరు విన్నా గానీ, స్టేషన్లో ఆ ఫోటోలు సూసేదాకా ఇంత పనోడివని తెలీదు. నా బొమ్మ ఒకటి తీయి.”

కుర్చీలో కూర్చున్నాడు. బాషా నల్లగుడ్డ కిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు. రెండు దీపాల్లో ఒకటే వెలిగించాడు. పరంధామయ్య మొహం కుడివైపు మాత్రం కనిపిస్తోంది, ఎడమవైపు ఏమీ లేదు.

“ఒక దీపం వెలగలేదే సాయిబూ.”

“మర్చిపోయినానయ్యా.”

“ఉండనీలే. నువ్వు మర్చిపోతే మనకు మంచే జరగతాది.”

బాషా గుడ్డలోంచి తల బయటికి తీశాడు. “అయ్యా, నేనేం చేయలేదు. ఆ తల్లి అడిగిందని...”

“తెలుసు. చేసిన మేలు చెప్పుకోకూడదు. పుణ్యం పోతాది.” ఆయన లేచి, నా వైపు తిరిగి, “నువ్వెవరబ్బాయా?” అన్నాడు. పైన అద్దెకు ఉంటానన్నాను. నా ఊరు అడిగాడు, నాయన పేరు అడిగాడు. చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందని కారు పోయాక తోచింది.

బాషాకు అప్పుడు అర్థమైంది. హంతకుడు వచ్చి, నువ్వు నావాడివని చెప్పి వెళ్లాడు. బుట్టలో కాయల్ని ఎవరూ ముట్టలేదు. ముసలామె మాత్రం ఒకటి తిని, చాలా తీపిగా ఉందని కొడుకును ఉర్దూలో దీవించింది.

ఆ రోజు నుంచి ఆయన వీధి వైపు మొహం పెట్టి కూర్చోవడం మానేశాడు. కారు చప్పుడైతే పెన్సిలు మొన విరిగేది. పాలవాడితో మాట్లాడేవాడు కాదు. చంద్రగిరి నుంచి పెళ్లి ఫోటోలకు పిలుపు వస్తే పోలేదు. దారిలో బావులున్నాయన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

“ఆ సినిమాల్లోనన్నా వానొస్తాది,” అన్నాడు ఒకరోజు. “చీకటి ఉంటాది, దూరేదానికి ఒక సందు ఉంటాది. ఈడ సూడు. పన్నెండు గంటల ఎండ. నా నీడ కూడా నా కాళ్ల కిందికి పోయి దాక్కుంటా ఉండాది.”

ఇంతలో కుప్పమ్మ కలెక్టరుకు అర్జీ పెట్టింది. ఎవరు రాసిచ్చారో తెలియదు, అందులో ఫోటోగ్రాఫరును అడగండి అని ఉందట. మళ్లీ విచారణ చేయమని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆగస్టు రెండో వారంలో బాషాకు నోటీసు అందింది. సోమవారం పగలు పదకొండు గంటలకు అసలు నెగటివ్‌తో హాజరు కావలెను.

నోటీసు వచ్చిన సాయంత్రమే అంబాసిడరు డ్రైవరు వచ్చాడు. దిగకుండా కిటికీలోంచే చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం అయ్యగారు భోంచేసి ఇటు వస్తారు, తన ఫోటోతో పాటు ఆ నెగటివ్ కూడా తీసుకుపోతారు. సోమవారం ఆఫీసులో అది పగిలిపోయిందనో, ఎలుక కొరికిందనో చెబితే సరిపోతుంది.

నెగటివ్ చూస్తే ఆఫీసరుకు పెన్సిలు గుర్తులు తెలిసిపోతాయనే పరంధామయ్య భయం, అసలు సంగతి ఆయనకు తెలియదు. చెరిపిన గీత పోలేదు. పెన్సిలు నెగటివ్ పైపొర మీద ఉంటుంది, అంతే. టర్పెంటైన్‌లో తడిపిన దూదితో ఒక్కసారి తుడిస్తే బొగ్గంతా దూదికి వచ్చేస్తుంది. కింద గీత గీతలాగే ఉంటుంది. ఈ సంగతి తెలిసిన వాళ్లు ఇద్దరే, బాషా, రంజాన్‌బీ. మెట్ల మీద ఆ జగడం విన్నాక ముగ్గురం అయ్యాం.

జగడం శుక్రవారం. శనివారం ఒంటిపూట బడి. పిల్లలు రోజూ వచ్చే వేళకు రాలేదు. రంజాన్‌బీ గడప దాటి బయటికి వచ్చి, చేత్తో ఎండకు అడ్డం పెట్టుకుని వీధి చివర దాకా చూస్తూ నిలబడింది. బాషా చెప్పులు లేకుండా పరిగెత్తాడు, నేను వెనక. మలుపు దగ్గరే ఎదురొచ్చారు ఇద్దరూ, నోట్లో చాక్లెట్లు పెట్టుకుని. మోటారు సైకిలు మామ ఒకడు బడి దగ్గర ఆపి కొనిచ్చాడట. వెనక కూర్చోబెట్టుకుని మార్కెట్టు దాకా తిప్పాడట. “పరంధామయ్య తాత ఇచ్చినాడని మీ నాయనకు చెప్పండి అన్నాడు,” అంది చిన్నది.

రంజాన్‌బీ పిల్లల్ని లోపలికి నెట్టి, నోట్లో వేలు పెట్టి చాక్లెట్లు తీసి పారేసింది. వంటింట్లోకి పోయి బియ్యం డ్రమ్ములో మోచేయి దాకా చెయ్యి పెట్టింది. బయటికి వచ్చినప్పుడు చేతిలో టర్పెంటైన్ సీసా ఉంది, ఒక్క చుక్క తగ్గకుండా.

“పారబోసినానన్నావే,” అన్నాడు బాషా.

“మీరు పిరికోళ్లు గదా. పారబోసినానంటే ఊరుకుంటారనుకున్నా.” “ఇచ్చేసినా వీడు మనల్ని వదలడు. ఈ పొద్దు ఈ గీత. రేపు ఇంకొకడి మెడ చెరపమని ఇంకో బుట్ట పంపిస్తాడు. బతికినన్నాళ్లూ వాని కాయలు తినాల్సిందే. తుడవండి.”

స్టూడియో తలుపు గడియ వేశాం. తలుపు సందులోంచి వచ్చే ఎండ ఒక్కటే ఆ గదిలో వెలుతురు. బాషా నెగటివ్‌ను టచింగ్ బల్ల మీద పరిచి, దూది తడిపి, తుడిచాడు. దూది నల్లబడింది. ఆయన నెగటివ్‌ను ఎత్తి ఆ ఎండకు పట్టాడు. ధనంజయ మెడ చుట్టూ వెంట్రుక మందాన, తెల్లగా, గీత వచ్చి నిలబడింది. చెవి కింద ముడి పడిన చోటు కూడా తెలుస్తోంది.

డార్క్ రూములో ఎర్ర బల్బు కింద నాలుగు ప్రింట్లు తీశాడు. పళ్లెంలో తెల్ల కాగితం మీద ముందు కనిపించింది జుట్టు, తర్వాత మూసిన కళ్లు, చివరికి ఆ గీత, ఈసారి నల్లగా. బయట ఏదో బండి ఆగింది. ఇద్దరం కదలకుండా ఉన్నాం. అది పోయింది.

ఒక ప్రింటు కుప్పమ్మకు, ఒకటి కలెక్టరు ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో. ఒకటి తన దగ్గర. నెగటివ్‌ను రంజాన్‌బీ తన అత్త పరుపులో కుట్టేసింది. ముసలామె ఏమిటని అడిగితే తాయెత్తు అంది. నాలుగో ప్రింటు నాకు ఇచ్చాడు, చొక్కా లోపల పెట్టుకోమన్నాడు. రేపు కారు వచ్చేసరికి ఆయన ఇంట్లోనే ఉంటాడట. పారిపోతే నేరం తనదే అవుతుందట. నెగటివ్ అప్పుడే ఆఫీసులో ఇచ్చేశానని చెబుతాడట.

ఎర్ర వెలుతురు నుంచి స్టూడియోలోకి వచ్చాక ఆయన కెమెరాను కుర్చీ ఎదుటికి జరిపాడు. దాంట్లో కొత్త ఫిలిం పెట్టాడు. పరంధామయ్య కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. రెండు దీపాలూ వెలిగించమన్నాడు, నీడ ఎక్కడా పడకుండా. చొక్కా పై గుండీలు మూడు విప్పాడు. నా చేతిలోని ఆ రోజు పేపరు తీసుకుని, తేదీ కనిపించేలా మడిచి గుండెకు ఆనించుకున్నాడు.

“నేనెప్పుడూ తీయలేదన్నా,” అన్నాను.

“ఏం కష్టం లేదు. ఆ రబ్బరు బల్బు నొక్కితే చాలు. మెడ బాగా పడాల, ఈ చెవి కింద నుంచి ఆ చెవి కింద దాకా. తీసి, ఫిలిం పట్టుకుని ఈ సాయంత్రం బస్సుకే మీ ఊరికి పో. కాదు, మీ ఊరు ఆయనకు తెలుసు, ఇంకో ఊరికి పో. నన్ను ఏ బావిలోంచన్నా తీసినారని విన్నావంటే అప్పుడు ఇది తెచ్చి సూపించు, శనివారానికి ఈ మెడ మీద ఏం లేదని. టచింగ్ మాత్రం ఎవరి చేతా చేయించొద్దు అబ్బాయా.”